అది భయం కాదు

ఓడ సరుకుగది మీది హ్యాచ్ మూత ఇంకా తెరుచుకోలేదు. అది తెరిచేదాకా దేవీప్రసాద్‌కి పని లేదు. ఓడలు ఆగే బెర్తు నేల నుంచి ఎనభై నాలుగు ఇనుప మెట్ల పైన, మూడు పక్కలా అద్దాలున్న క్రేన్ క్యాబిన్‌లో, రెండు చేతులూ తొడల మీద బోర్లించి పెట్టుకుని కూర్చున్నాడు. కుడిచేతి పక్కన బరువుని ఎత్తి దించే లివరు, ఎడమచేతి పక్కన క్రేన్‌ని తిప్పే లివరు. వాటిని ముట్టుకోకుండా గోడగడియారం చూశాడు. ఎనిమిదీ పది. అద్దంలోంచి డాల్ఫిన్ కొండని చూసి, కొండ మీంచి చూపు దించి లోపలి హార్బరు నీళ్లని, నీళ్ల మీద రంగులు తిరుగుతున్న నూనె తెట్టుని, అవతల బొగ్గు గుట్టల మీద నీళ్లు చిమ్ముతున్న గొట్టాలని చూసి, మళ్లీ గడియారం చూశాడు. ఎనిమిదీ పదకొండు. ఒక నిమిషం చూశాడు, ఒక నిమిషమే గడిచింది, సరిపోయింది. ఏడు నెలల నుంచీ ఇదొక అలవాటైపోయింది అతనికి, జేబులో తాళాలున్నాయో లేవో తడిమి చూసుకునే మనిషిలాగా టైముని తడిమి చూసుకోవడం. అలా చూసుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదేమీ జబ్బు కాదు, మనసు అదుపు తప్పడం, అంతే. అదుపు తప్పిన మనసుని అదుపులో పెట్టుకోవడం ఎలాగో అతనికి తెలిసినంతగా ఈ బెర్తులో ఇంకెవరికి తెలుసు?

కింద డెక్ మీద నాగబాబు టోపీ తీసి చెమట తుడుచుకుంటున్నాడు. పైనుంచి చూస్తే మనిషి బొటనవేలంత. సిగ్నల్ మాన్‌గా పదకొండేళ్ల నుంచి ఇతని క్రేన్‌కే కళ్లు అతను. ఓడ లోపలి సరుకుగది క్యాబిన్‌లోంచి సగమే కనబడుతుంది, మిగతా సగం నాగబాబు వాకీటాకీలో చెప్పే మాటే. ఫిషింగ్ హార్బర్ పక్క పుట్టి పెరిగినవాడు, వాళ్ల నాన్న, అన్నలు అందరూ వేటకెళ్లేవాళ్లే, వీడొక్కడే ఒడ్డున ఉద్యోగానికొచ్చాడు. "ఇంకో పావుగంట బావా, మూత ఇరుక్కుపోనాది," అంది వాకీటాకీ. సరే అన్నాడు దేవీప్రసాద్. పావుగంట. సీటు వెనక సంచిలో, టిఫిన్ డబ్బాకి ఆనించి, కొత్త పుస్తకం ఉంది. తీసి చదవచ్చు. ఏకాగ్రత మీద పుస్తకం, నూట నలభై పేజీలు, రెండుసార్లు చదివేశాడు. కొవ్వొత్తి వెలుగుని రెప్ప వెయ్యకుండా చూడడం, ఇరవై ఒక్క శ్వాసలు లెక్కపెట్టడం, నేను ఇక్కడే ఉన్నాను, నేను ఇక్కడే ఉన్నాను అని లోపల అనుకోవడం. అనుకుంటున్నాడు కూడా. కంచరపాలెంలో ఇంటి ముందు రైల్వే గేటు పడి బండ్లన్నీ హారన్లు కొడుతున్నా సరే తెల్లవారుజామున కూర్చుని అనుకుంటున్నాడు.

పుస్తకాలంటే నవ్వేవాళ్లని చూస్తే అతనికి జాలి. వాళ్లు ముప్ఫై ఒకటో మెట్టు మీద నిలబడిపోయి ఉండరు. ఇరవై ఆరేళ్ల వయసులో, చోడవరం దగ్గర ఊళ్లో చెరకు తోట తప్ప ఎత్తైనదేదీ ఎక్కి ఎరగని కుర్రాడు, ఇదే బెర్తులో హెల్పరుగా చేరి, గ్రీజు డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కుతూ ముప్ఫై ఒకటో మెట్టు మీద కింది నీళ్లని చూశాడు. అంతే. చేతులు ఇనపకమ్మీని పట్టుకుని వదల్లేదు. పైకీ పోలేడు, కిందికీ రాలేడు. కింద నవ్వులు. అందరూ చూస్తుండగా గురునాథరావు అనే పెద్ద ఆపరేటరు దిగి వచ్చి ఒక్కొక్క వేలూ ఊడదీసి దించాడు. ఆ సాయంత్రం ఊరికి తిరిగి వెళ్లిపోదామని ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి, బస్సు కోసం చూస్తూ, బుక్‌స్టాల్లో ఆ పచ్చ అట్ట పుస్తకం కొన్నాడు. భయమంటే నువ్వు నమ్మిన అబద్ధం, అని ఉంది మొదటి పేజీలో. నీ చెయ్యి నీ మాట వింటుంది, నువ్వు చెప్పడం ఆపినప్పుడే అది వణుకుతుంది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది, అతను చదువుతూనే ఉన్నాడు. తనకోసమే ఎవరో ఎక్కడో కూర్చుని రాసినట్టు, తన పేరు తెలిసినట్టు. ఆ పుస్తకం చెప్పినట్టే రోజుకొక మెట్టు. ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. ఎనభై నాలుగో మెట్టు ఎక్కి ఈ క్యాబిన్ తలుపు ముట్టుకున్న రోజు అతను ఏడ్చాడు. నాలుగేళ్లకి ఇదే సీట్లో కూర్చున్నాడు. అది అబద్ధమా? అది నిజంగా జరిగింది. భార్య ధనలక్ష్మికి కుట్టు మిషను షాపు పెట్టుకునే ధైర్యం ఇచ్చిందీ, కూతురు హిమబిందు ఇంటర్ ఫెయిలై గదిలోంచి బయటికి రానన్నప్పుడు తను తలుపు కింద నుంచి లోపలికి జారవిడిచిందీ అలాంటి పుస్తకాలే. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగ్ రెండో ఏడు.

అందుకే ఆ పిల్ల అన్న మాట అతనికి ఎక్కువ గుచ్చుకుంది. మొదటిసారి టీ బడ్డీ దగ్గర గ్లాసు జారిపోయింది, దాన్నెవరూ పట్టించుకోలేదు, అతనూ పట్టించుకోలేదు; గ్లాసు చేతిలోంచి ఎప్పుడు పోయిందో తెలియలేదన్న సంగతి మాత్రం మనసులో ఒక మూల ఉండిపోయింది. రెండోసారి అన్నం దగ్గర. ముద్ద కలిపాడు, చెయ్యి నోటి దగ్గరికి వస్తోంది, టీవీలో ఎవరో వంట గురించి చెబుతున్నారు. మరుక్షణం టీవీలో వార్తలు. చెయ్యి అక్కడే ఉంది. ముద్దలోంచి చారు మోచేతిదాకా కారి లుంగీ మీద పడుతోంది. ఎదురుగా హిమబిందు కంచం వదిలేసి, మోకాళ్ల మీద కూర్చుని, ముఖంలో ముఖం పెట్టి చూస్తోంది. "నాన్నా, ఇప్పుడు నువ్వు ఎటెళ్లిపోయావు?" ఎక్కడికీ వెళ్లలేదన్నాడు. "నీ పెదాలు కదుల్తున్నాయి నాన్నా, ఏదో నమిలినట్టు. పిలిస్తే పలకలేదు. నేను వాచీ చూశాను, నిమిషంన్నర." ధనలక్ష్మి పొయ్యి దగ్గర నుంచే, "అలిసిపోనాడు, పడుకోనీ," అంది, కానీ ఆవిడ గొంతులో కూడా ఏదో తేడా. "సీతమ్మధారలో నరాల డాక్టరున్నారు, శనివారం తీసుకెళ్తాను, నువ్వు క్రేన్ ఎక్కకూడదు నాన్నా ముందు అది చూపించుకోకుండా," అని కూతురు చెబుతుంటే అతనికి కోపం వచ్చింది, ఎప్పుడూ రాని కోపం. క్రేన్ ఎక్కకపోతే తను ఎవడు? ఎక్కకూడదన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. ఎక్కలేను అనుకున్నవాడు ఎక్కడం ఎలాగో నేర్చుకున్న ఇల్లు అది. "ఇది భయం అమ్మా, వయసు మీద పడుతుంటే మనసు చేసే గారడీ. నాను సరి సేసుకుంటాను," అన్నాడు. శనివారం డ్యూటీ వేయించుకున్నాడు. కొత్త పుస్తకం కొన్నాడు.

హ్యాచ్ మూత తెరుచుకుంది. ఓడ కడుపు నల్లగా నోరు తెరిచింది, అందులోకి ఏడుగురు నిచ్చెన మీదుగా దిగారు, పసుపుపచ్చ హెల్మెట్లు ఒకదాని వెనక ఒకటి చీకట్లో కలిసిపోయాయి. ఎనిమిదీ ముప్ఫై. చేతులు లివర్ల మీద పెట్టాడు. బెర్తు మీద ఉక్కు దిమ్మెల కట్టలు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఎనిమిది టన్నులు, నిన్న రాత్రి రైల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి. వాటికి వైర్లు తగిలించారు. ఎత్తాడు. ఆ క్షణం, బరువు నేలని వదిలి తన చేతిలోకి వచ్చే ఆ క్షణం, ఇరవై ఏళ్లయినా అతనికి ఇంకా ఇష్టమే. తిప్పాడు, ఓడ అంచు దాటించాడు, ఆపాడు, ఊగడం ఆగనిచ్చాడు, నాగబాబు గొంతు వెంట దించాడు. "సాలు బావా. ఒగ్గీ." మొదటిది. రెండోది ఇంకా బాగా వెళ్లింది. చూశావా, అనుకున్నాడు కూతురితో. పనిలో ఉంటే మనసు ఎటూ పోదు. ఏకాగ్రతే మందు. మూడోది ఎత్తుతూ ఎందుకో పోతమ్మ గుర్తొచ్చింది, వీధి చివర చేపలమ్మే ముసలావిడ. ఆవిడ కొడుకు బోటుతో సహా తిరిగిరానప్పుడు పదిహేనో రోజున తను వెళ్లి, బాధని జయించడం గురించిన పుస్తకం చేతిలో పెట్టి వచ్చాడు. చదువు రాదని తెలిసే ఇచ్చాడు, ఇంట్లో పిల్లలు చదివి వినిపిస్తారని. నెల తరవాత ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చేసింది. "మనవరాలి సేత సదివించుకున్నాను బాబూ. బాగానే రాసినాడు. ఈ రాసినోడి ఇంట్లో ఎవులూ సచ్చిపోనేదేటి?" ఆ రాత్రి ఆలోచించి ఒక జవాబు తయారుచేసుకున్నాడు, మర్నాడు చెప్పాలనుకున్నాడు, అమ్మా, పోయినవాళ్ల కోసం కాదు, ఉన్నవాళ్లు నిలబడడం కోసం అని, కానీ పొద్దున్న ఆవిడ బుట్ట దించుకుని కూర్చుని

"బావా! బావా! ఓయ్ బావా! ఇంటన్నావా! ఆపు! ఆపు బావా!"

నాగబాబు గొంతు బొంగురుపోయి ఉంది. అదే ముందు తెలిసింది అతనికి, గొంతు బొంగురుపోయి ఉందని. అంటే ఇది మొదటి కేక కాదు. ఐదో ఆరో కేక కూడా కాదు. చేతులు లివర్ల మీంచి వాటంతటవే లేచాయి, బ్రేకులు పడ్డాయి, క్యాబిన్ మొత్తం ముందుకి ఊగి వెనక్కి వచ్చింది. బరువు ఏది? బెర్తు మీద లేదు. దాన్ని ఇప్పుడే కదా ఎత్తాడు, నేల మీంచి మనిషెత్తు కూడా లేవలేదు, పోతమ్మ బుట్ట దించుకుంటోంది. బరువు ఓడ అంచు దాటి, డెక్ దాటి, హ్యాచ్ లోపలికి సగం దిగి, గోడకి గీరుకుంటూ గడియారం లోలకంలా ఊగుతోంది. దాన్ని అక్కడిదాకా ఎవరు తీసుకెళ్లారు? ఎవరు తిప్పారు, ఎవరు దించారు? కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు. తన వేళ్లే. వాటికి తెలుసు, తనకి తెలియదు. గడియారం ఎనిమిదీ యాభై రెండు. ఎత్తినప్పుడు ఎంతో చూసుకోలేదు. మూడోది బాగా వెళ్తుందన్న ధీమాలో చూసుకోలేదు.

"బావా, ఏటయ్యింది?" దేవీప్రసాద్ నోట మాట అతనికి తెలియకుండానే వచ్చింది. "గాలి, నాగబాబూ. గాలికి ఊగింది." నాగబాబు, మెల్లగా, అరుపు లేకుండా, "గాలేటి బావా. ఓడ జెండా సూడు. కదల్డం నేదు," అన్నాడు. చూశాడు. జెండా కర్రకి అతుక్కుని తడిగుడ్డలా వేలాడుతోంది. చెమట చెవుల వెనక నుంచి కారుతోంది. లోపల వాక్యాలు మొదలయ్యాయి, ఇరవై ఏళ్లుగా బట్టీపట్టినవి, పిలవకుండానే వరసకట్టి వచ్చేవి. తడబాటు ఓటమి కాదు. ఆగిపోయినవాడే ఓడిపోయినవాడు. నీ చెయ్యి నీ మాట వింటుంది. నేను ఇక్కడే ఉన్నాను, నేను ఇక్కడే ఉన్నాను. అప్పుడతను ఆ వాక్యం మధ్యలో ఆగిపోయాడు, ఎందుకంటే ఆ మాట అనుకోవడానికి అతను ఉండాలి. ఇందాక ఆ బరువు అంచు దాటుతున్నప్పుడు ఆ మాట అనుకోవడానికి ఎవరూ లేరు. కొవ్వొత్తిని చూసేవాడు లేడు, శ్వాస లెక్కపెట్టేవాడు లేడు, గట్టిగా ప్రయత్నించడానికి మనిషే లేడు. పుస్తకాలన్నీ ఎవరితో మాట్లాడతాయో ఆ మనిషే సీటు ఖాళీ చేసి వెళ్లిపోయాడు, చేతులు మాత్రం పని చేసుకుంటూ పోయాయి, ఏడుగురి నెత్తి మీద ఎనిమిది టన్నులు. ముప్ఫై ఒకటో మెట్టు మీద భయపడ్డవాడు తనే. భయపడ్డానికి తను అక్కడ ఉన్నాడు. ఇది భయం కాదు.

ఇంకొక్క కట్ట దించేస్తే మధ్యాహ్నం దాకా ఎవరూ అడగరు, అంది లోపల ఒక గొంతు, చాలా ధైర్యంగా, చాలా స్నేహంగా, పచ్చ అట్ట పుస్తకం గొంతే అది. అతను వాకీటాకీ బటన్ నొక్కి పట్టుకున్నాడు. వదిలాడు, మళ్లీ నొక్కాడు. "నాగబాబూ. కిందోళ్లని పైకి తీసెయ్. అందర్నీ. బరువు కింద ఎవులూ ఉండకూడదు."

"ఏటైనాది బావా?"

"గాలి కాదు. నాకు తెలివి తప్పింది. ఇప్పుడే కాదు, ఏడు నెల్ల నుంచీ తప్పుతోంది. ఇంక నాను దీన్ని ముట్టుకోను. ఇంకో ఆపరేటర్ని పంపు."

పసుపు హెల్మెట్లు ఒక్కొక్కటే చీకట్లోంచి పైకి వచ్చాయి. లెక్కపెట్టాడు. ఆరు. ఆరేనా? మళ్లీ లెక్కపెట్టాడు, ఆరే. ఏడో మనిషి ఎక్కడ? లేచి అద్దానికి నుదురు ఆనించి చూశాడు. హ్యాచ్ సగమే కనబడుతుంది, మిగతా సగం నాగబాబు చెబితేనే. అడగడానికి ధైర్యం లేక అలాగే నిలబడ్డాడు. ఎంతోసేపటికి ఏడోవాడు వచ్చాడు, నిచ్చెన ఎక్కలేక ఇద్దరు చంకల కింద చేతులు వేసి లాగితే వచ్చాడు, వచ్చి డెక్ మీద చతికిలబడ్డాడు. నెత్తి మీద హెల్మెట్ లేదు. బతికే ఉన్నాడు, చెయ్యి ఎత్తి ముఖం తుడుచుకున్నాడు. దేవీప్రసాద్ సీట్లో కూలబడి రెండు అరచేతులూ తొడల కింద పెట్టి వాటి మీద కూర్చున్నాడు, అవి మళ్లీ లేచి ఏదైనా చేస్తాయేమోనని. బరువు ఇంకా కొంచెం కొంచెం ఊగుతోంది. ఇంకో ఆపరేటరు ఉమాశంకర్ పక్క బెర్తు నుంచి రావాలి, ఇరవై నిమిషాలు. ఈ ఇరవై నిమిషాల్లో తను ఎన్ని నిమిషాలుంటాడు? గడియారం చూడాలనిపించలేదు. గురునాథరావు గుర్తొచ్చాడు, వేలు వేలూ ఊడదీసినవాడు. రోజుకొక మెట్టు ఎక్కిన ఆ రోజులన్నీ ఆయన డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నిచ్చెన కింద నిలబడేవాడు, బీడీ తాగుతూ, ఒక్క మాట మాట్లాడకుండా, తను దిగేదాకా. ఎవరికి ఎన్నిసార్లు ఆ కథ చెప్పినా పుస్తకం గురించి చెప్పాడు గానీ ఆయన గురించి చెప్పలేదు. ఆయన పోయి ఆరేళ్లు.

ఉమాశంకర్ తాడు తీసుకుని వచ్చాడు. దేవీప్రసాద్ నడుముకి కట్టి, పై కొస తను పట్టుకుని, కింద నుంచి నాగబాబు అతని కాళ్లు ఒక్కొక్క మెట్టు మీద పెట్టిస్తూ దించారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. నేల మీద ఆ ఏడోవాడు నిలబడి ఉన్నాడు, సాయిశంకర్, కొత్తగా చేరినవాడు, పెళ్లై నెల కాలేదు. కట్ట అంచు హెల్మెట్‌ని తన్నుకుపోయిందట, తలని కాదు. హెల్మెట్ రెండు ముక్కలు చేతిలో పట్టుకున్నాడు. కొడతాడని దేవీప్రసాద్ తల వంచుకున్నాడు. కొట్టలేదు. "నాను సేతులూపినాను," అన్నాడు ఆ కుర్రాడు. "నువ్వు నాకేసే సూత్తన్నావు బావా. అద్దంలోంచి నాకేసే సూత్తన్నావు. నువ్వెందుకు ఆపనేదు?" దేవీప్రసాద్ దగ్గర ప్రతి ప్రశ్నకీ ఒక వాక్యం ఉండేది. నోరు తెరిచాడు. "తెలీదు," అన్నాడు. "నాకు తెలీదు."

కంపెనీ జీపులో వెనక సీటు, పక్కన నాగబాబు. ఫోన్లో హిమబిందు ఏడవలేదు, నర్సు గొంతుతో, సీతమ్మధార వద్దు, నేరుగా పెద్దాసుపత్రికి రండి, నేను అక్కడే డ్యూటీలో ఉన్నాను, గేటు దగ్గర నిలబడతాను అంది. ఎంతసేపు జరిగిందో సరిగ్గా కనుక్కో నాన్నా, డాక్టర్ మొదట అడిగేది అదే అని రెండుసార్లు చెప్పింది. ధనలక్ష్మికి తను చెబుతానంది. జీపు పోర్టు గేటు దాటుతోంది, సెక్యూరిటీ మనిషి పుస్తకంలో బండి నంబరు రాసుకుంటున్నాడు, ఎండ నాగబాబు ఎడమ చెంప మీద పడుతోంది. దేవీప్రసాద్‌కి నిజంగానే తేలిగ్గా ఉంది. చెప్పేశాడు. ఏడుగురూ బతికే ఉన్నారు. ఏడు నెలలుగా ఒంటరిగా మోసినదాన్ని ఎవరి చేతుల్లోనో పెట్టేశాడు, ఇంక వాళ్లు చూసుకుంటారు, మందులిస్తారు, తగ్గుతుంది.

"నాగబాబూ," అన్నాడు. "ఇందాక నాను ఎంతసేపు తెలివి నేకుండా ఉన్నాను?"

నాగబాబు చెయ్యి దేవీప్రసాద్ మణికట్టు మీద గట్టిగా బిగిసి ఉంది, ఎప్పుడు పట్టుకున్నాడో. ఎండ ఇప్పుడు అతని కుడి చెంప మీద ఉంది. జీపు ఆగి ఉంది. బయట అంబులెన్సులు, ఆసుపత్రి గోడ, తెల్ల బట్టల్లో హిమబిందు తలుపు తెరవడానికి పరిగెత్తుకొస్తోంది.

"ఏ ఇందాక బావా?" అన్నాడు నాగబాబు. "పైనున్నప్పుడా? ఇప్పుడా?"